బిందుమాధవి చేసిన లాబ్‌స్టర్ కాలు

బిందుమాధవి చేసిన పళ్ళు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో చాలామంది నోళ్ళలో ఉన్నాయి. ఆ నోళ్ళున్న వాళ్ళెవరికీ ఆమె ఎవరో తెలియదు. కానింగ్ వేల్‌లో గోదాముల వరసలో ఒక డెంటల్ ల్యాబ్ ఉంది. ఆమె అందులో టెక్నీషియన్. డాక్టర్లు పంపిన అచ్చుల్ని చూసి మైనంతో పన్ను చెక్కడం, దాని చుట్టూ మట్టిలాంటి పొడి పోసి గట్టిపరచడం, కొలిమిలో మైనం కరిగిపోయాక ఆ ఖాళీలో లోహం పోయడం ఆమె రోజూ చేసే పని.

గుంటూరులో ఉన్నప్పుడు ఆమె పళ్ళ డాక్టరే. బ్రాడీపేటలో ఒక సీనియర్ దగ్గర రెండేళ్ళు పనిచేసింది కూడా. పెళ్ళయి రామ్మోహన్‌తో ఇక్కడికి వచ్చాక, ఆ చదువు ఇక్కడ చెల్లాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలన్నారు. రాసింది, తప్పింది. ఇంకోసారి రాసేసరికి అనన్య కడుపులో ఉంది. పరీక్ష గదిలోంచి మధ్యలో లేచి బాత్రూముకి పరుగెత్తాల్సి వచ్చింది. ఆ తరవాత ఇక రాయలేదు. ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది, చెయ్యి కుదిరింది, ఏళ్ళు గడిచాయి. దిగులు పడుతూ కూర్చునే మనిషి కాదు. అయితే తెలుగువాళ్ళ భోజనాల్లో ఎవరైనా "డాక్టరు గారూ" అని పిలిస్తే మాత్రం, "కాదండీ, ల్యాబ్‌లోనే" అని చెప్పి, చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ గిన్నెతో పక్కకి వెళ్ళిపోయేది.

వాళ్ళ పక్కింట్లో డోరీన్ అనే పెద్దావిడ ఉండేది. ఎనభై దాటాయి. భర్త పోయాడు, పిల్లలు తలోచోటా స్థిరపడ్డారు. తన కట్టుడు పళ్ళ సెట్టు విరిగినప్పుడల్లా కంచె మీదుగా బిందుమాధవి చేతిలో పెట్టేది. అది బాగై వచ్చాక, అదే కంచె మీదుగా ఒక సంచీడు నిమ్మకాయలు వచ్చేవి. బిందుమాధవి అన్న పేరు ఆమె నోట్లో ఎప్పుడో "బిండీ" అయిపోయింది. "అంటే హిందీలో బెండకాయ" అని రామ్మోహన్ మొదట్లో నవ్వేవాడు. తరవాత అలవాటైపోయింది.

నవంబరు చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం డోరీన్ ముందు గుమ్మం దగ్గరికే వచ్చింది. చేతుల్లో తువాలు చుట్టిన మూట. పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుంది.

"బిండీ, ఈసారి పళ్ళు కాదు. కాలు."

బల్ల మీద పెట్టి తువాలు విప్పింది. అందులో ఉన్నది ఒక లాబ్‌స్టర్. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంటుందేమో, ముదురు గోధుమరంగు లోహంతో చేసింది. వీపు మీద చిన్న చిన్న ముళ్ళు, ఒంటికంటే పొడుగైన రెండు మీసాలు, గింజల్లాంటి కళ్ళు. బిందుమాధవి వేలితో తోక తాకింది. తోక చుట్టుకుంది! కెవ్వుమని రెండడుగులు వెనక్కి గెంతింది.

డోరీన్ కడుపుబ్బ నవ్వింది. "భయపడకు, ప్రాణం లేదులే. ప్రతి ముక్కా కదులుతుంది. ఇదిగో చూడు."

తోకలోని ఒక్కొక్క పట్టీ కింది పట్టీలోకి జారుతోంది. మీసాలు మొదట్లో తిరుగుతున్నాయి. కాళ్ళకి మోకాళ్ళూ, వాటి కింద మళ్ళీ మోకాళ్ళూ. బిందుమాధవి కుర్చీ లాక్కుని కూర్చుంది. పన్నుకి తొడుగు సరిగ్గా పట్టేలా చేయడానికే తల ప్రాణం తోకకి వస్తుంది. ఇన్ని కీళ్ళు, ఒక్కటీ వదులు లేకుండా, ఒక్కటీ బిగుసుకోకుండా ఎవరు చేశారు?

డోరీన్ చెప్పింది. వాళ్ళ తాతకి ఉత్తరాన బ్రూమ్ ఊళ్ళో పచారీ కొట్టుండేది. ముత్యపు చిప్పల కోసం సముద్రంలో మునిగే జపాన్ వాళ్ళు అక్కడ సరుకులు కొనుక్కునేవారు. వాళ్ళలో ఒకతను ఊరు వదిలి వెళ్ళేటప్పుడు తాతకి దీన్ని ఇచ్చి వెళ్ళాడు. ఎందుకిచ్చాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పటినుంచీ ప్రతి క్రిస్మస్‌కీ అసలు లాబ్‌స్టర్లు వండి బల్ల మీద పెట్టినప్పుడు, మధ్యలో ఈ లోహపుది కూర్చుంటుంది. దానికి జార్జ్ అని పేరు. మనవరాలు తెచ్చుకున్న కుక్కపిల్ల మొన్న జార్జ్ కుడి వెనక కాలు పీక్కుని పెరట్లోకి పారిపోయింది. పెరడంతా తవ్వినా కాలు దొరకలేదు.

"మా అన్నయ్య కీత్ క్రిస్మస్‌కి వస్తున్నాడు. కూర్చునే ముందే జార్జ్‌ని పలకరిస్తాడు, తెలుసా? చిన్నప్పటినుంచీ అంతే. కుంటివాణ్ణి చూశాడంటే నన్ను చంపేస్తాడు."

"ఎడంవైపు వెనక కాలేంటి, ఇది వేరేగా ఉంది?"

"అది రాగి తీగ. తాతయ్య కాలంలోనే విరిగిందట. ఆయనే తీగ వంచి పెట్టాడు. దాని జోలికి వెళ్ళకు, అది తాతయ్య పని."

రామ్మోహన్ ఒక గనుల కంపెనీలో అకౌంటెంటు. ఆ సాయంత్రం గోల్ఫ్ చూసి కళ్ళు నులుముకుంటూ భోజనానికి వచ్చి, బల్ల దగ్గర ఆగిపోయాడు.

"ఏంటే ఇది? మన డైనింగ్ టేబుల్ మీద రొయ్యా?"

"లోహమండీ అది."

"లోహమైతే మాత్రం? రొయ్య రొయ్యే కదా. ఎదురుగా అది కూర్చుంటే పప్పన్నం ఎలా దిగుతుంది?"

"మీ నడుముకున్న బెల్టు తోలు కాదేంటి?"

రామ్మోహన్ బెల్టు వంక చూసుకుని, కంచం తీసుకుని సోఫాలోకి వెళ్ళాడు. యూనివర్సిటీలో చదువుతున్న అనన్య మాత్రం ఫోను తీసి అన్ని వైపుల నుంచీ ఫొటోలు కొట్టింది. "అమ్మా, దిస్ ఈజ్ సో కూల్. మ్యూజియంకి ఈమెయిల్ చేద్దామా?"

చేసింది. మ్యూజియంలో లోహపు వస్తువుల్ని చూసుకునే హెలెన్ అనే ఆవిడ తిరిగి ఫోనే చేసింది. ఆమె గొంతులో ఉత్సాహం దాగలేదు. వీటిని జిజాయి అంటారట. ఒకప్పుడు జపాన్‌లో యోధులకి కవచాలు చేసిన కమ్మరి కుటుంబాలు, యుద్ధాలు లేని కాలంలో అదే పనితనంతో ఇలాంటి పీతల్నీ, లాబ్‌స్టర్లనీ, చేపల్నీ చేశాయట. జార్జ్‌కి నూరేళ్ళ పైనే ఉంటాయి. "బాగుచేయండి, కానీ పాత లోహాన్ని అరగదీయొద్దు, అతకొద్దు. మీరు పెట్టేది రేపు ఎవరైనా తీసేయగలిగేలా ఉండాలి" అని చెప్పింది.

"అంటే తీసి పెట్టుకునే పళ్ళ సెట్టులాగ" అంది బిందుమాధవి.

"సరిగ్గా అంతే!" అంది హెలెన్.

ఇక్కడే చిక్కు వచ్చింది. ముందున్న కాళ్ళన్నీ సూదిమొనల్లా ఉన్నాయి. వెనక కాలూ అలాగే ఉంటుందా? పోలిక చూద్దామంటే రెండోది తాతగారి తీగ. ఇంటర్నెట్లో వెతికితే వెన్న పోసి, నిమ్మచెక్క పెట్టి, పళ్ళెంలో వెల్లకిలా పడుకోబెట్టిన లాబ్‌స్టర్లే. బిందుమాధవి పుట్టింటివాళ్ళది రేపల్లె. సముద్రం మరీ దూరం కాకపోయినా, ఆ ఇంట్లో చేప మాట ఎత్తేవాళ్ళు లేరు. రొయ్యల బుట్ట వీధిలోకి వస్తే బామ్మ తలుపేసేది. ఇంత వయసొచ్చినా లాబ్‌స్టర్‌ని ఆమె ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. కాలు ఎలా మడుస్తుందో తెలియకుండా కాలు ఎలా చేస్తుంది?

"బతికున్నది చూడాలి" అంది డోరీన్‌తో.

డోరీన్ కళ్ళు మెరిశాయి. "నా టోపీ తెచ్చుకుంటా ఉండు."

ఫ్రీమాంటిల్ రేవులో పడవల మీదే లాబ్‌స్టర్లు అమ్ముతున్నారు. వాటిని ఇక్కడ క్రే అంటారు. ఎండ చుర్రుమంటోంది. గాలి నిండా ఉప్పూ, డీజిలూ, ఇంకా బిందుమాధవి పేరు పెట్టలేని వాసనా. చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుందామంటే వేసుకున్నది టీషర్టు. పడవ మీదున్న అతను, ఎండకి కాలిన ముఖం, నీళ్ళ తొట్టిలోంచి ఒకదాన్ని తీసి పైకెత్తాడు. అది తోకతో టపటపా గాలిని కొట్టింది.

"పట్టుకుంటావా, లవ్?" అన్నాడు, ఇక్కడివాళ్ళు ఎవరినైనా పిలిచినట్టే.

వద్దనడానికే నోరు తెరిచింది. చేతులు మాత్రం ముందుకి వెళ్ళాయి. వీపు పట్టుకోవాలని, మీసాలు లాగకూడదని చెప్పి అతను ఆమె చేతిలో పెట్టాడు. బరువుగా, చల్లగా, గరుగ్గా ఉంది. కాళ్ళు గాలిలో నడుస్తున్నాయి. ఆమె భయం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు. తల వంచి ఒక్కొక్క కీలూ ఎటు వంగుతోందో చూస్తూ ఉండిపోయింది. తరవాత వెనక కాలి చివర కంటికి ఆనింది.

"ఇదేంటి? కొసన చిన్న పటకారులా ఉందే!"

"అమ్మాయి కదా ఇది. ఆడవాటికే ఉంటుంది, వెనక కాళ్ళకి మాత్రమే. తోక కింద మోసే గుడ్లని దాంతో శుభ్రం చేసుకుంటుంది. మగవాటికి మామూలు మొనే." అతను దాన్ని తిప్పి చూపించాడు. "తోక కింద ఈ రెక్కలు చూడు. జంటలు జంటలుగా ఉన్నాయా? ఆడది. ఒంటి రెక్కలైతే మగది."

బిందుమాధవి లాబ్‌స్టర్‌ని అతని చేతికిచ్చేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, ఫోనులో అనన్య తీసిన ఫొటోలు వెతికింది. జార్జ్‌ని వెల్లకిలా పడుకోబెట్టిన ఫొటో దొరికింది. వేళ్ళతో పెద్దది చేసింది. తోక కింద పల్చటి లోహపు రెక్కలు. ఒక్కొక్క పట్టీకీ జంటలు జంటలుగా.

పడవతను కళ్ళద్దాలు తెచ్చుకుని మరీ చూశాడు. "ఎవడు చేశాడో గానీ, వాడికి క్రే అంటే బాగా తెలుసు" అన్నాడు.

డోరీన్ అక్కడున్న దిమ్మె మీద కూలబడింది. "అంటే మా జార్జ్..."

"ఆడపిల్ల, డోరీన్."

"ఇన్నేళ్ళూ క్రిస్మస్ రోజున మీసాలున్న మగాడని టై కట్టాం!" అంటూ ఆవిడ నవ్వు మొదలెట్టింది. కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ నవ్వుతోంది. పడవతను నవ్వాడు. పక్క పడవ వాళ్ళు ఏమైందని అడిగి, విని, వాళ్ళూ నవ్వారు.

డోరీన్ ఆ లాబ్‌స్టర్‌ని కొనేసింది. ఇంటికి వచ్చాక జుట్టు కత్తిరించుకోడానికి మనవరాలితో వెళ్ళాల్సి ఉంది కాబట్టి, లాబ్‌స్టరున్న ఎస్కీని, అంటే చల్లగా ఉంచే పెట్టెని, బిందుమాధవి దగ్గరే వదిలింది. ఎలా నడుస్తుందో సాయంత్రం దాకా చూసుకోమంది. కుళాయి నీళ్ళలో వేస్తే చచ్చిపోతుంది, తడి గోనె మీదే ఉంచాలి అని పడవతను ముందే చెప్పాడు.

బట్టలుతికే గదిలో తడి గోనె పరిచి దాన్ని వదిలింది. అది నెమ్మదిగా వాషింగ్ మెషిన్ వైపు నడిచింది. బిందుమాధవి నేల మీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకి ఆనించి, కాళ్ళ బొమ్మలు గీసుకుంటోంది. ఆ రోజు ధనుర్మాసం మొదలు. రామ్మోహన్ గుడి నుంచి నామం పెట్టుకుని, ప్రసాదం పొట్లంతో వచ్చి, భార్య కాళ్ళు గుమ్మంలోంచి బయటికి కనపడేసరికి పడిపోయిందనుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బిందూ! ఏమైంది?"

"ష్... నడుస్తోంది. మీరు దాని దారికి అడ్డం ఉన్నారు."

కిందకి చూశాడు. అది అతని పాదం వైపే వస్తోంది. రామ్మోహన్ ఉన్నపళంగా వాషింగ్ మెషిన్ ఎక్కి కూర్చున్నాడు. ప్రసాదం పొట్లం మాత్రం వదల్లేదు.

"ధనుర్మాసం! ఇవాళే! బతికున్న రొయ్య!"

"ఏవండీ, దీన్ని చూడండి. ఎంత అందంగా ఉందో. ఆ మోకాలు చూడండి, లోపలికి కాదు, పక్కకి మడుస్తోంది."

కాసేపటికి పై నుంచే తొంగి చూశాడు. "పక్కకి కాదు, కొంచెం ముందుకి కూడా. మళ్ళీ చూడు" అన్నాడు. బొమ్మలో ఆ గీత అతను చెప్పినట్టే మారింది.

సాయంత్రం డోరీన్ వచ్చి ఎస్కీ పట్టుకెళ్ళింది. అది వంటకే వెళ్ళిందని బిందుమాధవికి తెలుసు. ఆ రాత్రి అన్నం ఎక్కువ సయించలేదు. పొద్దున్న డోరీన్ "ఎలా ఉందో చెప్పనా?" అని అడగబోతే, "వద్దు తల్లీ" అని రెండు చేతులూ ఎత్తేసింది.

ఇక పని. ల్యాబ్ యజమాని ట్రంగ్, భోజన విరామంలో కొలిమి వాడుకోమన్నాడు. మొదటి కాలు రోజూ పళ్ళకి వాడే లోహంతోనే పోసింది. అందంగా వచ్చింది గానీ మరీ గట్టిది. జార్జ్ కీలులో తిరిగితే పాత లోహమే అరిగిపోతుందని హెలెన్ చెప్పేసరికి పక్కన పెట్టేసింది. రెండోది కంచుతో. ఆ లోహం ఆమెకి కొత్త. వేడి చాలక మధ్యలోనే గడ్డకట్టింది. కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. ట్రంగ్ అది చూసి, "పాపం, మళ్ళీ కుక్కపిల్ల వచ్చిందా?" అన్నాడు. మూడోది ముక్కలు ముక్కలుగా విడివిడిగా పోసింది. వెంట్రుకంత సీలలతో ఒక్కొక్క కీలూ కలిపింది. చివరన బియ్యపుగింజలో సగం ఉండే పటకారు. అది తెరుచుకోవాలి, మూసుకోవాలి. భూతద్దం కింద దాన్ని అమర్చినప్పుడు ఊపిరి బిగబట్టింది. సూదితో తాకింది. తెరుచుకుంది. ల్యాబ్‌లో అందరూ పని మానేసి వరసగా వచ్చి తలా ఒకసారి తెరిచి చూశారు.

రంగు నల్లబరచి, లోపలివైపు కనపడని చోట కొత్తదని తెలిసేలా చిన్న గుర్తు పెట్టింది. చిన్న మరసీలతో కాలు జార్జ్‌కి తగిలించింది. కావాలంటే గోటితో తిప్పి తీసేయొచ్చు.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం పక్కింటి పెరట్లో గుడారం వేశారు. బిందుమాధవి పులిహోర, బొబ్బట్లు పట్టుకెళ్ళింది. రామ్మోహన్ బల్లకి ఆ చివర, వండిన లాబ్‌స్టర్లకి అందనంత దూరంలో కుర్చీ చూసుకున్నాడు. కీత్ వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, చేతికర్రా, గట్టి గొంతూ. తిన్నగా బల్ల మధ్యకి వెళ్ళాడు.

"మెర్రీ క్రిస్మస్, జార్జ్!" అన్నాడు. వంగి చూశాడు. "ఈ కాలేంటి కొత్తగా ఉంది?"

డోరీన్ అంతా చెప్పింది. కుక్కపిల్ల సంగతి చెప్పేటప్పుడు కాస్త వేగంగా చెప్పింది. చివరికి జార్జ్ ఆడపిల్ల అన్న సంగతికి వచ్చింది. బల్ల చుట్టూ కేకలు. ఎవరో "జార్జినా!" అన్నారు.

కీత్ కర్ర నేలకి తాటించాడు. "నేను ఎనభై ఏళ్ళుగా జార్జ్ అని పిలుస్తున్నాను. ఇప్పుడు మార్చను. ఎవరు చెప్పారు ఆడదని?"

"బిండీ చెప్పింది. కాలు చేసింది ఆమే."

అందరూ ఆమె వైపు తిరిగారు. బిందుమాధవి చేతిలో పులిహోర గిన్నె ఉంది. పక్కకి వెళ్ళిపోవడానికి చోటు లేదు, ఒకవైపు బార్బెక్యూ పొయ్యి, ఇంకోవైపు రామ్మోహన్. గిన్నె బల్ల మీద పెట్టింది. జార్జ్‌ని ఎత్తి, వెల్లకిలా తిప్పి, కీత్ ముందు కూర్చుంది. రెక్కల జంటలు చూపించింది. వెనక కాలు చూపించింది. బొబ్బట్ల మీద గుచ్చిన పుల్ల ఒకటి అతని చేతికిచ్చి, "కొసన తాకండి" అంది.

కీత్ తాకాడు. పటకారు తెరుచుకుంది. ముసలాయన చాలాసేపు దాన్ని తెరుస్తూ, మూస్తూ ఉండిపోయాడు.

"దీన్ని చేసిన జపాన్ మనిషి కూడా ఇక్కడ ఇలాగే చేసి ఉంటాడంటావా?" అని అడిగాడు, నెమ్మదిగా.

"రెక్కలు అంత సరిగ్గా చేసినవాడు దీన్ని వదిలేసి ఉండడండీ."

కీత్ తలూపాడు. "సరే. ఆడపిల్లే. కానీ పేరు జార్జే. ఆడపిల్లకి జార్జ్ అని ఉండకూడదా ఏం?" అన్నాడు. తరవాత ఆయన పులిహోర రెండుసార్లు వడ్డించుకుని, మిరపకాయ కొరికి, దగ్గుతూ మూడోసారి అడిగాడు.

ఫిబ్రవరిలో హెలెన్ వచ్చి జార్జ్‌ని చూసి వెళ్ళింది. బిందుమాధవితో చాలాసేపు మాట్లాడింది. అప్పుడప్పుడు మ్యూజియం పనికి సాయం చేయమని అడిగింది. నెలకి ఒకటి రెండు శనివారాలు ఆమె ఇప్పుడు అక్కడికి వెళుతోంది. మిగతా శనివారాల్లో ఊరి షెడ్డుకి వెళుతోంది. మగవాళ్ళు చెక్కపనీ లోహపుపనీ చేసుకునే ఆ షెడ్డులో ఆడవాళ్ళకీ చోటిచ్చారని తెలిసి చేరింది. రేకుని సుత్తితో కొట్టి గిన్నెలా సాగదీయడం నేర్చుకుంటోంది. చేతులకి కాయలు కాచాయి. ఎవరికైనా చూపించి మరీ మురిసిపోతుంది.

మొదట ఏం చేస్తావని షెడ్డులో అడిగారు. పీత చేయమన్నారు, రొయ్య చేయమన్నారు. ఆమె చిక్కుడుకాయ చేసింది. ఇత్తడి రేకుతో, వేలంత పొడవున, నడుము కొంచెం వంపు తిరిగిన చిక్కుడుకాయ. అంచున గోరు పెట్టి నొక్కితే రెండుగా విచ్చుకుంటుంది. లోపల వరసగా గింజలు, ఒక్కొక్కటీ తన గుంటలో గుండ్రంగా తిరుగుతుంది.

దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. రామ్మోహన్ ఈసారి కంచం తీసుకుని సోఫాలోకి వెళ్ళలేదు. కాయ విప్పి, గింజల్ని వేలితో తిప్పి, కళ్ళద్దాల పై నుంచి చూస్తూ అన్నాడు:

"బాగానే ఉంది గానీ బిందూ, కాస్త ముదురు కాయ కోశావు."